కొర్రమీను మీద మూత

బొద్దింకకి రక్తం ఉంటుంది కాని, ఆ రక్తానికి ప్రాణవాయువు మోసే పని లేదు. ఒంటికి రెండు పక్కలా పది జతల చిల్లులు, వాటినుంచి లోపలికి సన్నటి గొట్టాలు, ఆ గొట్టాలే గాలిని ప్రతి కణం గుమ్మం దాకా తీసుకెళ్లి దింపుతాయి. వానపాముకి ఆ గొట్టాలు కూడా లేవు. తడి చర్మమే దానికి ముక్కూ ఊపిరితిత్తీ, అది ఎండిందా, చచ్చిందే. కప్ప నీళ్లలో ఉన్నప్పుడు చర్మంతో గడుపుకుంటుంది, గట్టెక్కాక ఊపిరితిత్తులతో నెట్టుకొస్తుంది. పిట్ట దర్జా వేరు. గాలి పీల్చేటప్పుడూ వదిలేటప్పుడూ కూడా దాని ఊపిరితిత్తుల గుండా కొత్తగాలే పోతుంది. ఇవన్నీ నేను పద్దెనిమిదేళ్లుగా అనకాపల్లిలో ఒక జూనియర్ కాలేజీలో చెబుతున్నాను. నా పేరు మహేశ్వరరావు, జువాలజీ లెక్చరర్ని. నిద్రలో లేపి అడిగినా ఏ జీవి ఎలా ఊపిరి తీసుకుంటుందో తడుముకోకుండా చెప్పగలను. ఇంత తెలిసినవాణ్ణి పది నెలలుగా పెళ్లాం లేని ఇంట్లో ఒక్కణ్ణే వండుకు తింటున్నాను.

లేదు అన్నానని కంగారు పడకండి. మా ఆవిడ చిట్టి నిక్షేపంగా ఉంది. రోజూ పొద్దున్న ఎనిమిదింటికి పూడిమడక నుంచి షేరాటోలో వచ్చి, మా కాలేజీకి అర కిలోమీటరు దూరంలో ఉన్న చేపల మార్కెట్లో, వాళ్లమ్మ కొర్లమ్మ పక్కన కత్తిపీట ముందు కూర్చుంటుంది. మధ్యాహ్నం ఒంటిగంటకి మళ్లీ సముద్రం ఒడ్డుకి వెళ్లిపోతుంది. ఆ అయిదు గంటలూ మా ఆవిడా నేనూ ఒకే ఊళ్లో ఉంటాం. తప్పు నాది కనక, వెళ్లి ఎదట నిలబడే ముఖం నాకు లేదు.

అందుకని ఒక దొంగ ఏర్పాటు చేసుకున్నాను. మా ల్యాబ్ అటెండరు బంగారయ్యని రోజు విడిచి రోజు మార్కెట్‌కి పంపేవాణ్ణి. "కొర్లమ్మ దగ్గరే కొను. కోసేది మాత్రం కూతురై ఉండాలి" అని చెప్పేవాణ్ణి. అతను ఏమీ అడక్కుండా వెళ్లి, కానాగంత చేపలో కవళ్లో తెచ్చి నా స్కూటరుకి తగిలించేవాడు. ఇంటికెళ్లి సంచి విప్పగానే చిట్టి చెయ్యి తెలిసిపోయేది. పొట్ట దగ్గర ఒక్కటే గాటు పెడుతుంది, రెండో గాటు పెట్టదు. తోక కొంచెం ఉంచుతుంది, పెనం మీద తిప్పేటప్పుడు పట్టుకోడానికి వీలుగా. ఆ ముక్కల్ని కుళాయి కింద పట్టుకుని చాలాసేపు నిలబడిపోయేవాణ్ణి. నలభై మూడేళ్ల వయసులో చేపముక్కల్ని చూసి కళ్లు చెమర్చే మగాణ్ణి మా ఊళ్లో నేనొక్కణ్ణే ఉంటాను.

ఏప్రిల్ నడిమి నుంచి రెండు నెలలు సముద్రంలో వేట నిషేధం. బోట్లన్నీ ఒడ్డునే. కొర్లమ్మ బల్ల ఖాళీ, చిట్టి రాదు. ఆ రెండు నెలలు నాకు ఎలా గడిచాయో చెప్పలేను. మార్కెట్ వైపు పనిలేకపోయినా వెళ్లి, ఆ ఖాళీ బల్ల ముందునుంచి స్కూటరు నెమ్మదిగా పోనిచ్చేవాణ్ణి. చేపల చెరువుల నుంచి వచ్చిన బొచ్చెలు కొనమని పక్క బల్లవాళ్లు పిలిచేవారు. నాకు ఆవిడ కావాలి, ఆవిడ కూర్చునే చోటు కాదు. అయినా వెళ్లేవాణ్ణి.

మా పరిచయం కూడా ఆ బల్ల దగ్గరే. ఎనిమిదేళ్ల కిందట ప్రాక్టికల్స్ కోసం పెద్ద చేపల తలకాయలు మాత్రం కావాలని అడిగితే, డిగ్రీ మొదటి ఏడుతో చదువు ఆపేసి తల్లికి సాయంగా కూర్చున్న పిల్ల పకపకా నవ్వింది.

"తలకాయలేటి సేసుకుంటారు మాస్టారూ? పులుసా?" అంది.

పిల్లలకి మొప్పలు చూపించాలన్నాను. ఆ పిల్ల ఒక వంజరం తల అందుకుని బొటనవేలితో మొప్పరేకు ఎత్తింది. "ఇది ఇంత ఎర్రగా ఉంటే పొద్దుటి సేప. ఇటికరంగైతే నిన్నటిది. నలుపైతే మా అమ్మే అమ్మదు. మీరేటి సెప్తారు ఇందులో?" అని అడిగింది. ఆ ఎరుపంతా రక్తమేననీ, అక్కడ నీళ్లు ఒక దిక్కుకి పోతుంటే రక్తం దానికి ఎదురు దిక్కుగా ప్రవహిస్తుందనీ, అందువల్లే నీళ్లలో ఉన్న కాస్త ప్రాణవాయువునీ చేప బొట్టు మిగలకుండా లాక్కోగలుగుతుందనీ చెప్పాను. ఒడ్డున పడితే ఎందుకు చస్తుంది, గాలిలో ఇంకా ఎక్కువ ఉంటుంది గదా అని అడిగింది. పద్దెనిమిదేళ్లలో ఏ విద్యార్థీ తనంతట తాను వేయని ప్రశ్న అది. నీళ్లు లేకపోతే ఆ పల్చటి పొరలన్నీ ఒకదానికొకటి అతుక్కుపోతాయి, చుట్టూ గాలి ఉన్నా అందుకోలేదు అన్నాను. ఆ రోజే మనసు పడిపోయింది నాకు. మాది ఎస్. రాయవరం పక్కన చెరుకు పండించే ఇల్లు, వాళ్లది సముద్రం మీద బతికే ఇల్లు. మా అమ్మ మరిడమ్మ ఆర్నెల్లు అలిగింది, ఆ తరవాత చిట్టి వండిన నెత్తళ్ల ఇగురు తిని అలక మానేసింది.

ఇక అసలు సంగతి. రెండేళ్ల కిందట చిట్టికి డెంగీ వచ్చి తగ్గింది. జ్వరం పడి లేచినవాళ్లకి కొర్రమీను బలమని మా అమ్మ రెండు బతికున్న కొర్రమీనుల్ని బకెట్లో జానెడు నీళ్లు పోసి, మా పినతండ్రి కొడుకు బండి మీద పంపింది. చేప ప్రాణాలతో ఇంటికి రావడం చిట్టి పుట్టి బుద్ధెరిగి చూడలేదు. సముద్రపు చేప వల లాగేసరికే సగం చచ్చి ఉంటుంది. ఒడ్డున పడితే నీళ్ల కోసం కొట్టుకునే చేపల్నే చూస్తూ పెరిగింది. "పాపం, ఇంత కొంచెం నీల్లలో ఎలాగుంటాయండీ?" అని జాలిపడి బకెట్ నిండా, అంచు దాకా నీళ్లు పోసింది.

కొర్రమీను అందరిలాంటి చేప కాదు. చెరువులూ కాలవలూ ఎండే చోట పుట్టి పెరిగిన జాతి. దానికి మొప్పలున్నా అవి చాలవు. మొప్పల పైన తలలో చిన్న గదులుంటాయి, నీటి పైకి వచ్చి నోటితో గాలి మింగి వాటిలో నింపుకుంటేనే బతుకుతుంది. ఆ గాలి అందకుండా చేస్తే, చేప అయి ఉండి కూడా నీళ్లలో ఊపిరాడక చస్తుంది.

ఆ మధ్యాహ్నం చిట్టికి రక్తపరీక్ష చేయించడానికి బయల్దేరాం. సాయంత్రం నాలుగింటికి తిరిగొచ్చి చూస్తే రెండు చేపలూ వెల్లకిలా తేలి ఉన్నాయి. మా అమ్మకి ఫోన్లో చెప్తే పగలబడి నవ్వింది. "సముద్రం పిల్లవి, సేపని నీల్లలో ముంచీసేవేటమ్మా!" అంది. నేనూ నవ్వాను. ఆ రోజు చిట్టి కూడా నవ్వింది.

నేను అక్కడితో ఆగలేదు, అదే నా పాపం. మర్నాడు క్లాసులో వాయు వినిమయం పాఠం. ఎనభైమంది పిల్లలు ఆవులిస్తున్నారు. "మా ఆవిడ జాలరి కూతురు. చేపని నీళ్లలో ముంచి చంపింది" అన్నాను. క్లాసంతా ఘొల్లుమంది. ఆ నవ్వు బాగుంది. మరుసటి సెక్షన్లో ఇంకొంచెం మసాలా వేసి చెప్పాను. ఆ మరుసటి ఏడాది ఆవిడ గొంతు కూడా అనుకరించాను. మా డైరెక్టర్ త్రినాధరావు గారు కాలేజీకి వీడియోల ఛానెల్ పెట్టినప్పుడు, "ఆ చేప జోకు క్లాసే ముందు తీద్దాం" అన్నారు. తీశారు. పైన పెద్ద అక్షరాలతో ‘చేపను ముంచి చంపిన లెక్చరర్ గారి భార్య’ అని పేరు పెట్టి, పక్కన ఒక బొమ్మ కూడా వేశారు. నాలుగు లక్షలమంది చూశారు. నేను గర్వపడ్డాను, దాచడమెందుకు.

ఆ నాలుగు లక్షల్లో పూడిమడక కుర్రాళ్లూ ఉన్నారు. చిట్టి మేనమామ కొడుకు కొండబాబు ఆ వీడియో తీసుకెళ్లి, ఒడ్డున వల అల్లుకుంటున్న మా మావగారు ముసలయ్య ముందు పెట్టాడు. నీటి రంగు చూసి అడుగున ఏ చేప గుంపు ఉందో చెప్పగల మనిషి ఆయన. నలభై ఏళ్లు ఆయన మాట మీద బోట్లు దిక్కు మార్చుకున్నాయి. "ఏటి మావా, నీ కూతురు సేపని ముంచీసిందంట" అని బోటు బోటుకీ నవ్వారు. కూతుర్ని పిలిచి నిజమేనా అని అడిగితే, అవునంది. ఆ తరవాత ఆయన వలల దగ్గర కూర్చోవడం మానేశారు.

చిట్టి ఆ రోజు పుట్టింటి నుంచి వచ్చి చెప్పులు కూడా విప్పకుండా అడిగింది. "అది తీయించీండి" అంది. నేను టీవీ చూస్తున్నాను. "సరదాకి చెప్పిందానికి అంత పట్టింపు ఏమిటి? తీస్తే నాలుగు లక్షల వ్యూస్ పోతాయి" అన్నాను. చిట్టి పొద్దున్నే బట్టల సంచి సర్దుకుని షేరాటో ఎక్కింది. నేను గుమ్మంలో నిలబడి, రెండు రోజుల్లో తనే వస్తుందిలే అనుకున్నాను.

నేను పిల్లలకి చెప్పనిది, వీడియోలో లేనిది ఒకటుంది. చిట్టి నీళ్లు మాత్రమే పోసింది. నీళ్లు ఎన్ని ఉన్నా కొర్రమీనుకి ఏమీ కాదు, పైకొచ్చి గాలి మింగి పోతుంది. కాకపోతే ఎగురుతుంది. పరీక్షకి బయల్దేరే ముందు వంటింటి నేలంతా నీళ్లు చిమ్ముతోందని విసుక్కుని, బకెట్ మీద మూత పెట్టింది నేను. అది తోసేస్తోందని సన్నికల్లు పొత్రం తెచ్చి మూత మీద పెట్టిందీ నేనే. అంచు దాకా నీళ్లు, ఆ నీళ్లని ఆనుకుని మూత, మధ్యలో వేలెడు గాలి లేదు. ఆ చేప గదుల బొమ్మని బోర్డు మీద రంగుల చాక్‌పీసులతో వేసే నేను, జువాలజీ ఎమ్మెస్సీ ఫస్ట్ క్లాసు వాణ్ణి, వాటిని బిగించి చంపి ఆస్పత్రికి వెళ్లాను. చిట్టి తెలియక చేసింది. నాకు తెలిసి కూడా తట్టలేదు. కథ చెప్పేటప్పుడు ఆవిడ సగం చెప్పి నా సగం మింగేశాను.

మొన్న జులైలో మళ్లీ అదే పాఠం వచ్చింది. వానపాము అయింది, బొద్దింక అయింది, చేప దగ్గరికి వచ్చాను. వెనక బెంచీల్లోంచి "సార్, కొర్రమీను! మేడం కథ!" అని కేకలు. వీడియో చూసి చేరినవాళ్లే సగంమంది. అంతకు ముందు రోజే డైరెక్టర్ గారిని ఆ వీడియో తీసేయమని బతిమాలితే, "మీ సంసారం గొడవలు ఛానెల్‌కి ఎందుకండీ" అని పంపేశారు.

చాక్‌పీసు కింద పెట్టి చెప్పాను. నీళ్లు పోసింది మా ఆవిడ, మూత పెట్టింది నేను, పొత్రం పెట్టింది నేను, రెండేళ్లుగా మీకు సగం కథ చెప్తున్నాను అన్నాను. ఒక్కరూ నవ్వలేదు. ముందు బెంచీలో సుప్రియ అని సబ్బవరం నుంచి బస్సులో వచ్చే అమ్మాయి లేచింది.

"మేడంకి చెప్పారా సార్?"

"ఆవిడకి తెలుసు కదమ్మా, పక్కనే ఉంది."

"తెలుసనుకోండి. మీరు ఒప్పుకున్నారని తెలుసా?"

గంట కొట్టగానే స్కూటరు తీశాను.

మార్కెట్లో జనం పల్చబడుతున్నారు. కొర్లమ్మ నన్ను చూసి ముఖం పక్కకి తిప్పుకుంది. చిట్టి తలెత్తింది. పది నెలల తరవాత ఆవిడ ముఖం అంత దగ్గర్నించి చూడటం. కొంచెం నల్లబడింది, చెంపల మీద చేప పొలుసులు రెండు అంటుకుని ఉన్నాయి. తుడవాలని చెయ్యి లేచింది, దించుకున్నాను.

"బంగారయ్యకి ఒంట్లో బాగో లేదా?" అంది.

నేను తెల్లబోయాను.

"తులసిమాలేసుకుని నీసు ముట్టని మనిషి దినం తప్పి దినం కానాగంతలు కొంటే ఎవులికి తెల్దు మాస్టారూ? ముళ్లు గుచ్చుకుంటాయని మీకు బయిం గదా, నడిముల్లు తీసే ఇచ్చేను అన్నిసార్లూ."

నిజమే. తీసే ఉండేవి. అది కూడా గమనించలేదు నేను. ఎలాగో కూడదీసుకుని, "క్లాసులో చెప్పేశాను చిట్టీ. మూత నేనే పెట్టానని" అన్నాను.

కత్తిపీట మీద ఆవిడ చెయ్యి ఆగింది. "ఎవులికి సెప్పేరు?"

"పిల్లలకి. సెక్షన్ మొత్తానికి."

"మా నాన్నని నవ్వినోల్లు మీ పిల్లలు కాదు. బోట్ల కాడుండే ఆల్లు." మళ్లీ చేప కోయడం మొదలుపెట్టింది. "ఆదోరం అందరూ ఒడ్డునే ఉంటారు. సెప్పగలిగితే ఆల్లకి సెప్పండి."

"నువ్వుంటావా?"

"నానెక్కడికి పోతాను?" అంది, నా వైపు చూడకుండా.

ఆదివారం నాటికి నాలుగుసార్లు మానేద్దామనుకున్నాను. ఎనభైమంది పిల్లల ముందు మాట్లాడటం నా వృత్తి. సముద్రంలో చలికీ ఎండకీ రాటుదేలిన పదిహేనుమంది మగాళ్ల ముందు నిలబడి నేను వెధవపని చేశానని చెప్పడం వేరు. కాని చిట్టి ఇంటికి రావాలంటే దారి అటునుంచే ఉంది. వెళ్లాను.

షేరాటో దిగేసరికి ఒడ్డున నీలం వలలు పరుచుకుని కూర్చున్నారంతా. మా మావగారు వాళ్లకి దూరంగా, తలకిందులుగా పెట్టిన తెప్ప నీడలో ఒక్కరే ఉన్నారు. చిట్టి గుడిసె గుమ్మంలో నిలబడింది. నేను వలల మధ్యకి వెళ్లి, పాఠం చెప్పే గొంతుతో మొదలుపెట్టి, అది పనికిరాదని తెలిసి మామూలుగా చెప్పాను. కొర్రమీను పైకొచ్చి గాలి మింగితేనే బతుకుతుంది. మా ఆవిడ నీళ్లు పోసింది, అంతే. దానికి గాలి అందకుండా మూతపెట్టి, పైన పొత్రం పెట్టి చంపినవాణ్ణి నేను. తెలిసినవాణ్ణి నేనే.

కొండబాబు వల పక్కన పడేశాడు. "అయితే అన్నా, సదివిన సదువంతా మూత కిందెట్టీసి ఆస్పటల్‌కి ఎల్లేవన్నమాట!"

నవ్వులు మొదలయ్యాయి. "పొత్రం కూడానంట్రా!" అని ఒకడు. "మేస్టారూ, మా బోటెక్కకండి, మాక్కూడా మూతెట్టీగల్రు!" అని ఇంకొకడు. ఒకాయన నవ్వి నవ్వి దగ్గుతో వంగిపోయాడు. నా చెవులు కాలిపోయాయి. ఎటు చూడాలో తెలియలేదు. నేను ఇక్కడ పది నిమిషాలు నిలబడితేనే ఇలా ఉంది, మా మావగారు పది నెలలు దీంట్లో బతికారు. క్లాసులో నాకు అంత బాగున్న నవ్వు ఇదే.

ముసలయ్య గారు నవ్వలేదు. లేచి వచ్చారు. నా వైపు కాదు, గుమ్మం వైపు చూశారు.

"మూత వూసు నాకెందుకు సెప్పనేదే?" అని చిట్టిని అడిగారు. "ఇందులో ఇంకెవులి సెయ్యైనా ఉందేటే అని నిన్ను ఎదటెట్టుకుని అడిగేను గదా. నేదన్నావు. నానొక్కద్దాన్నే సేసేనన్నావు."

చిట్టి గుమ్మం పట్టుకుని నిలబడింది. "సెప్తే ఈయన్ని నవ్వుతారు గదా నాన్నా" అంది.

కొండబాబు నోరు మూసుకున్నాడు. దగ్గుతున్నాయన కూడా ఆగాడు. నాకు ఆ ఇసకలోకి దిగిపోవాలనిపించింది. వాళ్లు నన్ను నవ్వినప్పుడు పడని సిగ్గు అప్పుడు పడ్డాను. నాలుగు లక్షలమంది ముందు నేను ఆవిడ సగం అమ్ముకుంటుంటే, ఆవిడ సొంత తండ్రి ముందు నా సగం దాచిపెట్టింది. ముసలయ్య గారు తలపాగా విప్పి ముఖం తుడుచుకుని, వలల దగ్గర తన పాతచోట కూర్చున్నారు. నాతో మాత్రం, "అన్నం తిని ఎల్లండి" అన్నారు.

తిన్నాను. ఏం తిన్నానో గుర్తులేదు. ఆటోలు ఆగే చోటు దాకా చిట్టి నాతో నడిచింది. పది నెలలుగా దాచుకున్న మాట అప్పుడు అడిగాను.

"ఇంటికి రా చిట్టీ. నువ్వు లేకుండా ఉండలేకపోతున్నాను. బెంగతో చచ్చిపోతున్నాను."

ఆవిడ అటూ ఇటూ చూసింది. "ఒక మాటడుగుతాను, ఉన్నదున్నట్టు సెప్పండి. ఆ బెంగ నామీదా, సేసిన పనిమీదా?"

"రెండూ ఒకటే కదా" అన్నాను.

"కాదు మాస్టారూ. సేసిన పనిమీదైతే ఇయ్యాల్టితో తీరిపోద్ది. సెప్పీసేరు, నవ్వించుకున్నారు, అయిపోనాది. రేపట్నుంచి హాయిగా నిద్దరోతారు. దానికి నానక్కర్నేదు. తప్పు తీరిపోడానికి పెల్లాన్ని తీసుకెల్తే, నాలుగు రోజులకి మల్లీ టీవీయే సూత్తారు."

నేను నోరు తెరిచాను. ఏదో ఒకటి అనడం నాకు అలవాటే. కాని ఆవిడ ఉన్నదున్నట్టు చెప్పమంది, ఉన్నదేమిటో నాకు నిజంగా తెలియలేదు. ఆటో నిండింది. డ్రైవరు హారన్ కొట్టాడు. చిట్టి వెనక్కి తిరిగి నడిచింది. పిలిస్తే ఆగేదేమో, ఏమని పిలవను?

అచ్యుతాపురం దాకా నేను ఆ ఒక్క ప్రశ్ననే పట్టుకుని కూర్చున్నాను. పక్కన ఒకావిడ మోకాళ్ల మీద పనసకాయ పెట్టుకుని కునికిపాట్లు పడుతోంది. ల్యాబ్‌లో మేం పిల్లలకి చెప్పే పద్ధతి ఒకటుంది. ఒక ఫలితానికి రెండు కారణాలు కనిపిస్తే, ఒకదాన్ని తీసేసి చూడమంటాం. తీసేశాక ఫలితం పోతే అదే కారణం, పోకపోతే రెండోది. సరే, తప్పు అనే కారణాన్ని ఇవాళ ఒడ్డు మీద తీసేశారు కదా, చూద్దామనుకున్నాను. నిజంగానే గుండెలోంచి బరువు దిగింది. ఎవరి ముఖమైనా చూడగలను. కొండబాబు అన్న మాట గుర్తొచ్చి నాకే నవ్వొచ్చింది కూడా. సిగ్గు, భయం, దొంగచూపులు, అన్నీ పోయాయి. బెంగ చేసిన పనిమీదే అయితే, ఇక లోపల ఏమీ మిగలకూడదు.

మిగిలింది. ఆవిడ కావాలి. చెంప మీద పొలుసు తుడవకుండా చెయ్యి దించుకున్నందుకు ఏడుపొస్తోంది. సాయంత్రం తాళం తీసి లోపలికెళ్తే "ఏటండీ, ఇంత ఆలీసం?" అని అడిగే గొంతు ఉండదు. నేను చెప్పే ప్రతిదానికీ ఇంకో ప్రశ్న వేసే మనిషి ఉండదు. తప్పు చెప్పుకున్నందుకు ఆ బెంగ పిసరంత కూడా తగ్గలేదు. అడ్డు తొలగిపోయి ఇంకా ఎక్కువగా తెలుస్తోంది. పొద్దున్న వెళ్లేటప్పటికంటే ఇప్పుడే ఎక్కువ ఉంది.

అచ్యుతాపురం జంక్షన్లో ఆటో ఆగింది. పనసకాయావిడ దిగింది, ఆవిడ వెనకే నేనూ దిగాను.

"అనకాపల్లి ఇంకా రాలేదు సార్" అన్నాడు డ్రైవరు.

"తెలుసు" అన్నాను.

రోడ్డు దాటాను. అవతల పూడిమడక ఆటో సగం ఖాళీగా ఉంది, నిండే దాకా కదలనన్నాడు. ఖాళీ సీట్ల డబ్బులు నేనే ఇస్తానని వెళ్లి డ్రైవరు పక్కన కూర్చున్నాను. "నీమీదే చిట్టీ" అనుకున్నాను. లోపల అనుకున్నాననే అనుకున్నాను గాని, పైకే అన్నట్టున్నాను. డ్రైవరు నా వైపు వింతగా చూశాడు.

"ఏటి సార్?"

"ఏం లేదు. తొందరగా పోనీ."